వాయిదా రోజు సూది

మీ ముగ్గురిలో పెద్దది పుట్టకముందే దాన్ని నేను చూశాను. చూడటమే కాదు, దాని ఒంట్లో నెత్తురు పారే చప్పుడు చెవులారా విన్నాను. మొన్న ఫోన్లో ఈ మాట అంటే ముగ్గురూ ఒకటే నవ్వు. "జేజీ, ఆ కాలంలో మన ఊర్లో కరెంటే సరిగ్గా ఉండేది కాదంటివే" అని చిన్నోడు ఎగతాళి చేశాడు. ఒకరు పూనాలో, ఒకరు బెంగుళూరులో, ఒకరు హైదరాబాదులో ఉండి నవ్వితే నేను ఎవరి చెవి మెలిపెట్టాలి? అందుకే నిదానంగా కూర్చుని మొత్తం చెప్తున్నాను. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ నా గుండె దడదడా కొట్టుకుంటుంది. భయంతో కాదు, సంబరంతో. నిజం చెప్పాలంటే రెండూ కలిసి.

మీకు ముందు ఇంకొక అక్క ఉండేది. ఆరో నెల దాటాక తెల్లగా అవుతుంటే, బిడ్డ రంగు తేలుతోందని మురిసిపోయాం. జమ్మలమడుగు ఆసుపత్రిలో డాక్టరు ఆ బిడ్డ కంటి రెప్ప కిందికి లాగి చూసి, ఇది రంగు కాదు, ఒంట్లో నెత్తురు లేదన్నాడు. కడపకు పంపించారు. అప్పటినుంచి నెలనెలా నెత్తురు ఎక్కించాల్సిందే. మా ఆయన పార్టీ మనుషులు ఆసుపత్రి వరండాలో చొక్కా చేతులు మడిచి వరసగా నిలబడేవాళ్లు. వాళ్లలో కొందరు ఎదురొస్తే బజారులో జనం పక్కకు తప్పుకుంటారు. అలాంటివాళ్లు సూది చూసేసరికి మొహం గోడవైపు తిప్పుకునేవాళ్లు. ఎంతమంది ఇచ్చినా ఆ బిడ్డ నిలవలేదు. బడికి పోయే వయసు రాకముందే పోయింది.

ఆ జబ్బు ఎక్కడినుంచి వచ్చిందో కడప డాక్టరు మాకు విడమరిచి చెప్పాడు. తల్లిలో సగం, తండ్రిలో సగం ఉంటుందట. సగం ఉన్నవాళ్లకు ఏ బాధా ఉండదు, ఉన్నట్టే తెలియదు. ఆ రెండు సగాలూ ఒకే బిడ్డలో కలిస్తేనే జబ్బు. మన ఇంట్లో ఆ సగాలు కలవక ఏం చేస్తాయి? నన్ను మా మేనమామకే, అంటే మీ అబ్బకే, ఇచ్చారు. నా కొడుక్కి నా తమ్ముని కూతురినే తెచ్చుకున్నాను. మా ఊళ్లో అప్పుడు పార్టీ అంటే ఓటు వేసే గుర్తు ఒక్కటే కాదు. ఎవరి బావి నీళ్లు తాగాలో, ఎవరి పెండ్లికి పోవాలో, ఏ వీధిలో నడవాలో కూడా పార్టీయే. బయటి పిల్లను తెచ్చుకుంటే ఆమె అన్నదమ్ములు రేపు ఎవరి జీపు ఎక్కుతారో తెలియదు. అందుకే సొంత మనుషుల్లోనే ఇచ్చుకున్నాం, పుచ్చుకున్నాం.

ఆ తర్వాత మీ అమ్మకు మళ్లీ నెల తప్పింది. పులివెందులలో పుట్టింట్లో ఉంది. నేనూ వెళ్లి అక్కడే ఉన్నాను. ఆ ఊరి డాక్టరమ్మ ఒక కొత్త మాట చెప్పింది. ప్రొద్దుటూరులో ఒక లేడీ డాక్టరు ఉంది, పెద్ద ఊళ్లలో చదివి వచ్చింది, రంగుల్లో చూపించే స్కానింగ్ మిషన్ తెచ్చుకుంది. పొట్టలోకి సన్నటి సూది పంపి బిడ్డ చుట్టూ ఉండే నీళ్లు కొంచెం తీస్తుంది. ఆ నీళ్లు బెంగుళూరుకు పోతే, బిడ్డకు ఆ జబ్బు ఉందో లేదో ముందే చెప్తారు.

ఇంట్లో ఒకటే రభస. మా మరదలు, అంటే మీ అమ్మను కన్న తల్లి, గండి ఆంజనేయస్వామికి మొక్కుకుని కూర్చుంది. "కడుపులో బిడ్డకు సూదేంది? అది పోయి పేగుకు తగిలితే? నెత్తురు పారేది ఆగిపోతే? బాగుండే బిడ్డను మనమే సంపుకున్నట్టు గాదా?" అని ఏడ్చింది. ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. నాకూ అదే భయం.

మీ అమ్మ నన్ను చీనీ తోటలోకి పిలుచుకుపోయి, బత్తాయి చెట్లకు నీళ్లు పారుతున్న కాలువ గట్టు మీద కూర్చోబెట్టింది. "అత్తా, ఆ బిడ్డను చూసినట్టు ఇంకొక బిడ్డను చూడలేను. తెలుసుకోవల్ల. గానీ సూది దెబ్బకు ఈ బిడ్డ పోయిందంటే నేను బతకలేను. నువ్వు పక్కన ఉంటానంటేనే వస్తా" అంది. నేను ఆమె చేయి పట్టుకుని "ఉంటా పాపా" అన్నాను. అంతే. ఆ రెండు మాటలతో నేను ఎంత పెద్ద బరువు ఎత్తుకున్నానో ప్రొద్దుటూరు పోయాక గానీ తెలియలేదు.

ప్రొద్దుటూరు పోవడం మాత్రం ఏమన్నా చిన్న పనా! అవతలి పార్టీవాళ్లకు అక్కడ దుకాణాలున్నాయి, చుట్టాలున్నారు. మన ఇంటి మనిషి బంగారు అంగళ్ల వీధిలో అడుగు పెడితే టీ చల్లారేలోపు కబురు పోతుంది. మీ అబ్బ ఒక రోజంతా మీసం మెలితిప్పుకుంటూ ఆలోచించి, ఉపాయం కనిపెట్టాడు. జమ్మలమడుగు కోర్టులో వాయిదా ఉంది. పాత కొట్లాట కేసు. మన వాళ్లూ వాళ్ల వాళ్లూ అందరూ ఆ రోజు హాజరు కావాలి, మీ నాయనతో సహా. ఇటువైపు జీపులూ అటువైపు జీపులూ కోర్టు ముందరే ఉంటాయి. పోలీసులూ అక్కడే. ఇంక ప్రొద్దుటూరులో మనల్ని చూసేదెవరు? మీ అబ్బ పేరు ఆ కేసులో లేదు. ఆయన ఒక్క జీపులో, నలుగురు మనుషులతో, పులివెందుల నుంచి మమ్మల్ని చడీచప్పుడు లేకుండా తీసుకుపోతాడు. సూది వేయించుకోవడం, జీపు ఎక్కడం, వేరే దారిలో తిరిగి రావడం. పోయిన దారిలో తిరిగి రాకూడదు, పోయినచోట ఎక్కువసేపు నిలబడకూడదు. ఆ కాలంలో అవి మాకు అన్నం తినడమంత మామూలు.

"ఎవురికీ తెలీదు. దేవునికి గూడా నేను చెప్పలే" అని మీ అబ్బ ధీమాగా జీపు ఎక్కాడు.

స్కానింగ్ సెంటరు మేడ మీద. కింద మందుల షాపు, చుట్టూ బంగారు అంగళ్లు. మెట్లెక్కి పైకి పోయి, వరండాలో బల్ల మీద ఎవరున్నారో చూసి, నేను కొయ్యబారిపోయాను. అవతలి పార్టీ పెద్దాయన తల్లి! మీ అబ్బకు దాయాది వరసలో అక్క. నాకు వదిన. ఊరు రెండుగా చీలకముందు మా వంటింట్లో కూర్చుని శనగలు వేయించుకుపోయిన మనిషి. చీలిక వచ్చాక దేవళం దగ్గర ఎదురుపడినా పలకరింపులు లేవు. ఆమె పక్కన ఆమె చిన్న కూతురు, నిండు నెలలకు దగ్గరలో ఉంది, మొహమంతా వడిలిపోయి ఉంది.

నేను మీ అమ్మను అవతలి చివర కూర్చోబెట్టి గోడవైపు చూస్తూ నిలబడ్డాను. మీ అబ్బ మమ్మల్ని మెట్ల దగ్గరే వదిలి కిందికి పోయాడు కాబట్టి ఆయన ఆమెను చూడలేదు. నేను పిలిచి చెప్పాలా వద్దా అని మథనపడుతుంటే ఆమే మొదలుపెట్టింది. ఆమె గొంతు మామూలు గొంతు కాదు. పొలంలో ఆ చివర కూలోళ్లను ఈ చివర నుంచి పిలవగలదు.

"ఏమ్మే, నన్ను సూసి గోడను సూస్తాండావు? గోడ మీద నాకంటే సక్కని బొమ్మేమన్నా ఉందా?"

నాకు నవ్వు ఆగలేదు. "కోర్టు కాడ ఉండాల్సినోళ్లు ఈడికెట్ల వస్తిరి వదినా?" అన్నాను.

"మీరెట్ల వస్తిరో మేమూ అట్లనే వస్తిమి. వాయిదా మీకొక్కరికేనా? మీ కళ్లన్నీ జమ్మలమడుగులో ఉంటాయి గదా అని మావోడు ఈ దినమే పెట్టినాడు. మమ్మల్ని దింపి మావోళ్లు బండ్లు దూరంగా పెట్టుకోనుండారు."

చూశారా! ఇద్దరు మొనగాళ్లూ ఒకరికి తెలియకుండా ఒకరు ఒకే ఉపాయం కనిపెట్టారు. మేమిద్దరం నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వాం. ఆ నవ్వులోనే ఆమె కూతురి సంగతి చెప్పింది. బిడ్డ కడుపులో సరిగ్గా పెరగడం లేదట, మాయ నుంచి బిడ్డకు నెత్తురు అందుతోందో లేదో రంగుల్లో చూపిస్తారట. మీ అమ్మ సంగతి నేను చెప్పాను. వదిన నవ్వు మానేసి మీ అమ్మ తల మీద చేయి పెట్టింది. "ఆ పాలిపోయిన బిడ్డ గుర్తుండాది నాకు. గోడ ఇవతల నుంచి చూస్తాంటి" అంది.

అంతలో మమ్మల్ని లోపలికి పిలిచారు. డాక్టరమ్మ కోస్తావైపు మనిషి. సన్నగా, కళ్లద్దాలతో, మాట మెత్తగా ఉంటుంది గానీ పట్టు గట్టిది. సంతకం పెట్టడానికి మీ అబ్బను పైకి పిలిపించింది. వదిన అప్పుడు కూతురితో పెరటివైపు పోయినట్టుంది, ఆయనకు కనపడలేదు. మీ అబ్బ సంతకం పెట్టి గొంతు సవరించుకుని, "డాక్టరమ్మా, ఎట్లాగూ లోపల సూస్తాండావు గదా, ఆడో మగో..." అన్నాడు. ఆమె కళ్లద్దాల పైనుంచి చూసింది. "ఆ మాట ఇంకొకసారి అన్నారంటే సూదీ వేయను, స్కానూ చేయను. దయచేసి కిందికి వెళ్లండి" అంది. మండలమంతా భయపడే మనిషి బడిపిల్లాడిలా మెట్లు దిగిపోయాడు. మీ అమ్మ అంత భయంలోనూ కిసుక్కున నవ్వింది.

తర్వాత డాక్టరమ్మ మీ అమ్మను పడుకోబెట్టి, పొట్ట మీద చల్లటి జెల్లు రాసి, మిషన్ పెట్టింది. మొదట అంతా బూడిద రంగు పొగ. "అదిగో తల. అది వెన్నెముక. అది చేయి" అని ఆమె చూపిస్తుంటే పొగలోంచి ఒక మనిషి తేలింది. ఆ చెయ్యి మూసింది, తెరిచింది. ఆ చెయ్యి నీదే తల్లీ! నేను అక్కడే అరిచేదాన్ని, డాక్టరమ్మ ఊరుకోదని నోరు నొక్కుకున్నాను.

ఆమె ఇంకేదో నొక్కింది. పొగ మధ్యలో ఎర్రగా, నీలంగా మెరిసింది. మెలికలు తిరిగిన తాడు, తాడులో రంగులు పరుగెత్తుతున్నాయి. "ఇది బొడ్డు తాడు. ఎరుపంటే మంచి రక్తమనీ, నీలమంటే చెడ్డదనీ అనుకోకండమ్మా. మనవైపు వచ్చేది ఒక రంగు, అటు పోయేది ఒక రంగు, అంతే. బిడ్డ గుండె రక్తాన్ని మాయలోకి నెడుతుంది. మాయలో అమ్మ నుంచి ప్రాణవాయువు, తిండి తీసుకుని తిరిగి బిడ్డలోకి వస్తుంది" అని చెప్తూ చప్పుడు పెట్టింది.

ఎట్లా చెప్పను ఆ చప్పుడు! బోరు కాడ ఆయిలింజను ఉగ్గబట్టి ఉగ్గబట్టి నీళ్లు తోస్తుంది చూడండి, అట్లా ఒకటి. ఉస్సు, ఉస్సు, ఉస్సు అని గుర్రం పరుగంత వేగం. దాని వెనక ఇంకొకటి ఆగకుండా, కాలువ పారినట్టు సన్నగా. తోసేది బిడ్డ నుంచి మాయకు పోయే నెత్తురట. నిమ్మళంగా పారేది తిరిగొచ్చేదట. నేను మీ అమ్మ చెవిలో, "పాపా, వింటాండావా? ఇంజనేసినారు లోపల" అన్నాను. మీ అమ్మ కళ్లనుంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి.

"సూదికి ముందు ఇట్లా ఉంది. సూది తీశాక మళ్లీ ఇదే చూస్తాను. ఇట్లాగే ఉండాలి" అంది డాక్టరమ్మ. మా మరదలి భయమేదో అదే అడిగాను. సూదితో ఈ పారుదల ఆగిపోతుందా అని. ఆమె దాచకుండా చెప్పింది. చాలామందిలో ఏమీ మారదు. కొందరిలో బిడ్డ గుండె కాసేపు నెమ్మదిస్తుంది, తనే సర్దుకుంటుంది. సూది మాయలోంచి పోయినా, తాడుకు తగిలినా ప్రమాదం. ఎక్కడో అరుదుగా బిడ్డ పోవడం కూడా ఉంది. "అందుకే మిషన్లో చూస్తూనే సూది దించుతాను. ఈమెకు మాయ ముందువైపు ఉంది. సందు దొరికేదాకా తొందరపడను" అంది.

మీ అమ్మ నావైపు చూసింది. నేను మంచానికి ఇంకొంచెం దగ్గరగా జరిగాను. ఆమె డాక్టరమ్మతో "ఎయ్యండి" అంది.

సందు కోసం ఎంత వెతికిందో! మిషన్ అటు జరిపి, ఇటు జరిపి, మీ అమ్మను పక్కకు ఒత్తిగిలమని, మళ్లీ వెల్లకిలా తిరగమని. చివరికి మాయ అంచు పక్కన నల్లటి జాగా దొరికింది. అక్కడ నీళ్లు. సూది పోవడం తెర మీద తెల్లటి గీతలాగా కనిపించింది. నువ్వు ఆ పక్కనే కాళ్లు ముడుచుకుని ఉన్నావు, నీకేమీ పట్టనట్టు. సిరంజిలోకి లేత పసుపు నీళ్లు వచ్చాయి, గంజి మీద తేటలాగా. డాక్టరమ్మ సూది బయటికి లాగింది. "అయిపోయింది" అంది. నేను ఊపిరి వదిలాను.

సరిగ్గా అప్పుడే కింద వీధిలో దడదడమని ఒక షట్టరు పడింది. దాని పక్కన ఇంకొకటి. వరసగా వీధంతా పడుతున్నాయి.

ప్రొద్దుటూరు బంగారు అంగళ్లవాళ్లకు రెండు పార్టీల జీపులు ఎదురెదురుగా నిలిస్తే ఏం చేయాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ చప్పుడుకు అర్థమేందో మీ అమ్మకూ ఎవరూ చెప్పనక్కర్లేదు. నా మణికట్టు పట్టుకుంది, గోళ్లు దిగిపోయాయి. పొట్ట రాయిలాగా బిగుసుకుపోయింది. డాక్టరమ్మ గబుక్కున మిషన్ పెట్టింది. ఉస్సు... ఉస్సు... ఇందాకటి గుర్రం కాదది. ఎద్దు నడకలాగా ఉంది.

నేను తెరను వదిలి డాక్టరమ్మ మొహం చూశాను.

"భయపడకండి. గర్భసంచి బిగుసుకుంది. సూది వల్ల కొంత, ఈమె అదిరిపడటం వల్ల కొంత అయ్యుండొచ్చు. తాడు దగ్గర రక్తం కారడం లేదు, చూశాను. ఈమెను ఎడమవైపు తిప్పి పడుకోబెడదాం. గుండె వేగం సర్దుకుని, పారుదల మొదటిలాగా వచ్చిందని నేను చూసేదాకా ఈమెను కదపడానికి వీల్లేదు. ఆ కింద గోల ఆపించండి" అంది డాక్టరమ్మ.

నేను తలుపు తీసి వరండాలోకి వస్తే మీ అబ్బ రెండేసి మెట్లు ఎక్కుతూ ఎదురొచ్చాడు. మొహమంతా చెమట.

"లేపు పాపను! వాళ్లు కనుక్కోనుండారు. రెండు జీపుల్లో వచ్చినారు. ఇంజను మీద పెట్టినాం, పాండి పాండి!"

"మామా, లేపేది లేదు."

"ఏందే లేపేది లేనిది? మనం బతికుంటే గదా బిడ్డ సంగతి!"

నా పెండ్లయినాక ఆయన మాటకు నేను ఎదురు చెప్పింది లేదు. గొంతు పెంచడం నాకు రాదు కూడా. మెల్లగానే అన్నాను: "బిడ్డ గుండె నెమ్మదిగా కొట్టుకుంటాంది మామా. ఇప్పుడు పాపను ఆ జీపులో ఎగరేస్తే నెత్తురు పారేది ఏమైతుందో డాక్టరమ్మకే తెలీదంట. కావల్లంటే నువ్వు పో. మేము రాము. వాళ్లు మనకోసం రాలే. వాళ్లాడోళ్లను ఎంట తెచ్చుకున్నారు. అదో, ఎనక్కి తిరిగి సూడు."

ఆయన తిరిగి చూశాడు. బల్ల మీద వదిన కాళ్లు చాపుకుని కూర్చుని ఆయన్నే చూస్తోంది. అన్నేళ్ల పగ ఆ నిమిషంలో ఆయనకు గుర్తు రాలేదేమో, చిన్నప్పటి అలవాటు నోట్లోంచి దూకింది.

"అక్కా, బాగుండావా?"

"ఇప్పటికి గుర్తొస్తినారా నీకు! బాగుండాం గానీ, కింద ఆ ఎదవలేంది, దున్నపోతుల మాదిరి ఎదురుబొదురు నిలబడుకోనుండారు? మావోళ్లు మీరు మాటేసినారనుకుంటాండారు. మీవోళ్లు మేము మాటేసినామనుకుంటాండారు. పక్కకు తప్పుకో."

ఆమె లేచి నా చేయి పట్టుకుంది. ఇద్దరం మెట్లు దిగాం. ఆడవాళ్లు మధ్యలో ఉంటే మా ప్రాంతంలో ఎంత కోపంలో ఉన్నవాడూ చేయి ఎత్తడు. ఆ ఒక్క కట్టుబాటును ఆ రోజుల్లోనూ ఎవరూ దాటలేదు. అయినా వదిన చేయి నేను వదల్లేదు.

వీధి ఖాళీ. అటు రెండు జీపులు, ఇటు ఒకటి, ఇంజన్లు గుర్రుమంటున్నాయి. జీపుల పక్కన మనుషులు, చేతులు వీపుల వెనక. మేమిద్దరం పోయి నట్టనడిమి నిలబడ్డాం.

వదిన తన వాళ్ల మీద విరుచుకుపడింది. "ఒరేయ్, యాడికిరా ఆ దూకుడు? పైన నా కూతురు కూకోనుండాది. దాని కడుపులో బిడ్డకు నెత్తురు అందల్లేదు, చూపిచ్చుకుందామని వస్తే మీరు సంత పెడతాండారా? ఆపండ్రా ఆ బండ్లు!"

నేను మన వాళ్లతో మాట్లాడాను. నా గొంతు సంగతి మీకు తెలుసు కదా, ఇంజన్ల గోలలో ఒక్కరికీ వినపడలేదు. "ఏందమ్మా? ఏమంటాండావు?" అని దగ్గరికి వచ్చారు. ఇంకా వినపడలేదు. డ్రైవరు విసుక్కుని ఇంజను ఆపేశాడు. నేనేం చెప్తున్నానో అని అవతలి వాళ్లు కూడా చెవులు రిక్కించి, వాళ్లూ ఇంజన్లు ఆపేశారు.

"పైన మన బిడ్డ గుండె నెమ్మదిగా కొట్టుకుంటాంది నాయనా. షట్టర్ల సప్పుడుకు దాని తల్లి అదిరిపడింది. తల్లి నిమ్మళమైతే బిడ్డకు నెత్తురు పారుతాదంట. రోంతసేపు గమ్మునుండండి. మీకు చేతులెత్తి మొక్కుతా" అన్నాను.

మన వాళ్లలో ఒకతను, మీ మొదటి అక్కకు ఎన్నోసార్లు నెత్తురిచ్చినవాడు, తల దించుకున్నాడు. "అమ్మా, ఈసారి గూడా మా నెత్తురు కావల్లా?" అని అడిగాడు. "ఈసారికి గమ్మున కూకుంటే చాలు నాయనా" అన్నాను. అతను అక్కడే మందుల షాపు అరుగు మీద కూలబడ్డాడు. అవతలి వాళ్లలో ఒకడు "మేము మాత్రం అరుస్తామా ఏంది" అని గొణుక్కుంటూ ఎదురు అరుగు మీద కూర్చున్నాడు. కాసేపటికి ఒక్క షట్టరు సగం లేచి, సేటు తల బయట పెట్టి చూసి, మళ్లీ లోపలికి పోయాడు.

పైకి పరుగెత్తాం. పరుగే! నేను వద్దంటున్నా వదిన నాతోపాటు స్కానింగ్ గదిలోకి దూరింది. డాక్టరమ్మ ఏమనుకుందో, వద్దనలేదు. మీ అమ్మ ఎడమవైపు ఒత్తిగిలి కళ్లు మూసుకుని ఉంది. "అంతా గమ్మునైపోయింది పాపా. ఎవురూ ఎవురినీ ఏమీ అనల్లేదు. మీ మామ వాళ్లక్కను పలకరిచ్చినాడు" అని చెప్పాను. మీ అమ్మ కళ్లు తెరిచి, "మామా? నిజంగానా?" అని అడిగింది. వదిన పక్కనుంచి తొంగిచూసి, "ఔ, బాగుండావా అని గూడా అడిగినాడు. నేనింకా నమ్మలేక ఉండా" అంది. మీ అమ్మ నవ్వింది. నా చేయి కింద ఆమె పొట్ట మెత్తబడటం నాకు తెలిసింది.

డాక్టరమ్మ మిషన్ పెట్టింది. బూడిద పొగ. తల. చేయి. ఒక రంగు మెరిసింది, దాని పక్కన ఇంకొక రంగు. ఆమె చప్పుడు పెట్టింది.

ఉస్సు ఉస్సు ఉస్సు ఉస్సు! గుర్రం తిరిగొచ్చింది!

దాని వెనక కాలువ కూడా, ఆగకుండా, తెగకుండా. డాక్టరమ్మ, సూదికి ముందు ఆ చప్పుడుకు మిషన్ గీసిన కొండలూ లోయల్లాంటి గీతనూ ఇప్పటి గీతనూ పక్కపక్కన పెట్టి చూపించింది. ఎత్తులు ఒకటే, సందులు ఒకటే. "మొదట ఎట్లా ఉందో అట్లాగే ఉంది. సూది వల్ల పారుదల ఏమీ చెడలేదు" అంది. అప్పుడు నేను నిజంగానే అరిచాను. అరిచానని నేననుకున్నాను. "ఏమన్నారమ్మా?" అని డాక్టరమ్మ అడిగింది.

వదిన మాత్రం తెరకు మొహం ఆనించి చూస్తోంది. "ఎర్రది మా పార్టీదా, మీ పార్టీదా?" అంది నాతో. ఆమె కళ్లలో నీళ్లు. తర్వాత ఆమె కూతురిని పడుకోబెట్టారు. ఆ బిడ్డకు నెత్తురు పారుతోంది గానీ, పారుదల మందంగా ఉందట. వెంటనే పెద్దాసుపత్రిలో చేర్చమన్నారు. వాళ్ల జీపులు ముందు కదలాలని మీ అబ్బే మన జీపును వెనక్కి తీయించాడు. ఆ బిడ్డ నెల ముందుగా, పిడికెడంత పుట్టి బతికిందని తర్వాత గాజులమ్మేవాళ్ల ద్వారా తెలిసింది. ఆ రోజుతో పార్టీలు ఒకటయ్యాయని మీకు చెప్పను. కాలేదు. మరుసటి ఎలక్షన్లలో మళ్లీ కొట్టుకున్నారు. వదినా నేనూ మళ్లీ మాట్లాడుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది.

బెంగుళూరు నుంచి జవాబు రావడానికి వారాలు పట్టింది. ఆ వారాలు మీ అమ్మ గాజుగిన్నె మోస్తున్నట్టు అడుగు తీసి అడుగు వేసింది. పొట్ట మీద చేయి కూడా పెట్టుకునేది కాదు. "తెలిసేదాకా దాంతో మాట్లాడను అత్తా" అనేది. నీళ్లు కారుతున్నాయా, నొప్పి వస్తోందా అని నేను దినానికి ఎన్నిసార్లు అడిగానో! సూది బాధ తీరిపోయింది, జబ్బు బాధ మిగిలింది.

ఫోను వచ్చినప్పుడు నేనే ఎత్తాను. ప్రొద్దుటూరు డాక్టరమ్మ. "బిడ్డకు జబ్బు లేదమ్మా. వాళ్ల అమ్మానాన్నల్లాగా సగం మాత్రమే ఉంది. మామూలుగా పెరుగుతుంది. పెద్దయ్యాక పెండ్లి చేసుకునేటప్పుడు మాత్రం ఆ అబ్బాయి రక్తం పరీక్ష చేయించండి, మరిచిపోకండి." ఆ మాట నేను మరిచిపోలేదు, పెద్దదానా. నువ్వూ మరిచిపోకు. నీకు నచ్చినవాడినే చేసుకో, పరీక్ష చేయించి చేసుకో.

మీ అమ్మ తోటలో ఉంది. నేను గట్టు మీద నిలబడి పిలిస్తే నా గొంతు ఆమెదాకా పోదు. అందుకని రెండు చేతులూ పైకెత్తి ఊపాను. ఆమె చూసింది. అర్థం చేసుకుంది. అన్ని వారాలు అడుగు తీసి అడుగు వేసిన మనిషి, చీనీ చెట్ల మధ్య నుంచి, నీళ్లు పారుతున్న కాలువలో నుంచి, చీర మోకాళ్లదాకా ఎత్తిపట్టుకుని నావైపు పరుగెత్తింది. "ఒసేయ్, పరిగెత్తొద్దే, పరిగెత్తొద్దే!" అని మా మరదలు ఇంట్లోంచి కేకలు. ఆపుదామని నేనూ గట్టు దిగి ఎదురు పరుగెత్తాను. దగ్గరికి పోయాక ఆమె ఆగలేదు, నా చేయి దొరకబుచ్చుకుని అట్లాగే ముందుకు లాక్కుపోయింది. కొంత దూరం పోయాక నేను ఆపాలన్న సంగతే మరిచిపోయి, బురదలో, మీ అమ్మ పక్కన, నీతో కలిసి, పరుగెత్తుతూనే ఉన్నాను.